“వచ్చే వారం చూద్దాంలే” అన్నది కూడా ఒక నిర్ణయమే

టీకాలంటే మీకు భయమా అని ఎవరైనా అడిగితే, లేదనే అంటారు మీరు. మన ఊళ్ళలో టీకా వద్దని తెగేసి చెప్పే తల్లులు అరుదు. ఏఎన్ఎం ఫోన్ చేస్తే “వస్తానక్కా” అంటారు. ఆశా వర్కర్ గుమ్మంలోకొస్తే కుర్చీ వేసి మంచినీళ్ళిస్తారు. తీరా టీకాలు వేసే బుధవారం వచ్చేసరికి బిడ్డకు ముక్కు కారుతుంటుంది. శనివారానికి ఇంటినిండా చుట్టాలు. పై బుధవారం అమావాస్య. ఇంకో వారం మీకే ఒంట్లో బాగోదు. టీకా కార్డు మాత్రం బీరువాలో చీరల కింద భద్రంగా ఉంటుంది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడ్డుపడలేదు, అయినా నెలన్నరకు పడాల్సిన సూది మూడో నెల దాటినా పడలేదు. మీ ఇంట్లోనూ కథ ఇలాగే నడుస్తోందా? అయితే ఈ అధ్యాయం మీకోసమే.

ఇది ఒకరిద్దరి సంగతి కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అదే సర్వేలో, ఏడాది నిండి రెండేళ్ళ లోపున్న పిల్లల్లో ప్రాథమిక టీకాలన్నీ పూర్తయినవాళ్ళు తెలంగాణలో 79 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 73 శాతం దగ్గరే ఆగారు. అంటే పురిటికి ఆస్పత్రి దాకా వచ్చిన తల్లుల్లోనే ప్రతి నలుగురైదుగురిలో ఒకరి బిడ్డ తర్వాతి నెలల్లో ఎక్కడో జారిపోతోంది. డాక్టరును నమ్మి కడుపు కోయించుకోవడానికి సైతం సిద్ధపడ్డ తల్లి సూదిమందుకు బద్ధశత్రువు ఎలా అవుతుంది? ఆమెలో ఉన్నది వ్యతిరేకత అనుకుంటే పొరపాటు. చిన్న చిన్న సందేహాలు కొన్ని, వాటిని అడగడానికి మొహమాటం కొంత, ఇంటి పరిస్థితులు కొంత. ఇవన్నీ కలిస్తే వచ్చే మాటే “వచ్చే వారం చూద్దాంలే”.

ఆ మాటలో ఒక మోసం ఉంది. వాయిదా వేస్తే ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదని మనకు అనిపిస్తుంది. సూది వేయించాక జ్వరమొస్తే “అయ్యో, నేనే తీసుకెళ్ళాను” అని మనసు పీకుతుంది. వేయించకపోవడం వల్ల కోరింత దగ్గు వస్తే “ఖర్మ, ఎవరేం చేస్తారు” అంటాం. మొదటిది మన ఖాతాలో, రెండోది దేవుడి ఖాతాలో రాసుకుంటాం. బిడ్డ ఒంటికి ఈ లెక్క తెలుస్తుందా? కోరింత దగ్గు ఎక్కువగా ప్రాణం తీసేది మొదటి మూడు నెలల పసికందుల్నే. అంత చిన్నపిల్లలకు ఒక్కోసారి దగ్గు కూడా రాదు, ఊపిరి ఆగి ఒళ్ళు నీలంగా మారుతుంది. మొదటి డోసు ఆరు వారాలకే పెట్టడానికి కారణం అదే. ఆరు వారాలది పద్నాలుగు వారాలకు జరిగిందంటే, బిడ్డకు రక్షణ అందరికన్నా ఎక్కువ అవసరమైన ఆ రెండు నెలలూ ఒట్టి చేతులతో గడిచిపోయినట్టే. కాబట్టి ఆగడం కూడా ఒక నిర్ణయమే. దాని మంచిచెడ్డలు కూడా తూచాల్సిందే.

ముందు సందేహాలు తీర్చుకుందాం

“కడుపుతో ఉన్నప్పుడు తలనొప్పి మాత్రే వేసుకోవద్దంటారు, మరి సూది ఎలా వేస్తారు?” చాలా న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు టీకాల రకంలో ఉంది. తట్టు, రుబెల్లా, ఆటలమ్మ టీకాల్లో ఉండేది బలహీనపరిచిన సజీవ క్రిమి. అందుకే వాటిని గర్భిణులకు ఇవ్వరు, కాన్పయ్యాక ఇస్తారు. ధనుర్వాతం టీకాలో బతికున్న క్రిమి అంటూ ఏదీ లేదు. ఆ క్రిమి తయారుచేసే విషాన్ని విరిచేసి, శరీరం దాన్ని గుర్తుపట్టడానికి సరిపడా మిగిల్చిన పదార్థం మాత్రమే ఉంటుంది. అది పెరగదు, బిడ్డకు సోకదు. ఫలానాది వేయొద్దు, ఫలానాది తప్పకుండా వేయాలి అని విడదీసి చెబుతున్నారంటే, మీ కడుపులో బిడ్డను లెక్కలోకి తీసుకునే చెబుతున్నారని అర్థం. మీ ఒంట్లో తయారైన రక్షణ మాయ గుండా బిడ్డకు చేరుతుంది, చివరి మూడు నెలల్లో మరీ ఎక్కువగా. అంటే మీ జబ్బకు వేసిన సూది ఇద్దరికి పనిచేస్తుంది.

దీనికి రుజువు ఉందా? దండిగా ఉంది. 1988లో ప్రపంచవ్యాప్తంగా 7,87,000 మంది నవజాత శిశువులు ధనుర్వాతంతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పుట్టిన రెండు రోజులూ చక్కగా పాలు తాగి ఏడ్చిన బిడ్డ, మూడో రోజు తర్వాత దవడలు బిగుసుకుపోయి పాలు పట్టలేకపోయేది. మట్టిలో, పేడలో ఉండే క్రిమి బొడ్డుకోసిన చోటునుంచి లోపలికి పోవడం దానికి కారణం. తల్లులకు టీకాలు, శుభ్రమైన పురుళ్ళు, ఈ రెండూ కలిసి పరిస్థితిని మార్చాయి. 2015లో భారతదేశం ఈ జబ్బును నిర్మూలించినట్టు గుర్తింపు పొందింది. ఇక కోరింత దగ్గు సంగతి. 2012లో ఇంగ్లండ్, వేల్స్‌లలో అది విజృంభించి 14 మంది పసిపిల్లల్ని పొట్టన పెట్టుకుంది. ఆ ఏడాదే అక్కడ గర్భిణులకు ఆ టీకా మొదలుపెట్టారు. తర్వాత లెక్కలు తీస్తే, మూడు నెలల లోపు పిల్లల్లో అది దాదాపు 90 శాతం జబ్బును ఆపినట్టు తేలింది. టీకా వేయించుకున్న 20 వేల మందికి పైగా గర్భిణుల వివరాలు పరిశీలిస్తే మృతశిశు జననాలు పెరిగిన జాడ కనిపించలేదు. మన ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులకిచ్చే టీడీ టీకా ధనుర్వాతానికి, కంఠసర్పికి (డిఫ్తీరియా) పనిచేస్తుంది. కోరింత దగ్గు కూడా కలిసిన టీడాప్ టీకా ప్రైవేటులో దొరుకుతుంది. ఏడో నెల నడుస్తుండగా మీ డాక్టరుతో దాని గురించి మాట్లాడండి.

“కరోనా టీకా గర్భిణులకు మొదట వద్దన్నారు, తర్వాత వేసుకోమన్నారు. ఏది నమ్మాలి?” నిజమే, 2021 జనవరిలో మన దేశంలో టీకాలు మొదలైనప్పుడు గర్భిణుల్ని, పాలిచ్చే తల్లుల్ని పక్కన పెట్టారు. మే నెలలో పాలిచ్చే తల్లులకు, జులై 2న గర్భిణులకు అనుమతిచ్చారు. ఆ మార్పు చూసి చాలామందికి నమ్మకం సడలింది. కాని మొదట వద్దన్నది ప్రమాదం కనిపించి కాదు. ప్రయోగాల్లో గర్భిణుల్ని చేర్చుకోలేదు కాబట్టి చెప్పడానికి చేతిలో లెక్కలు లేవు. ఇతర దేశాల్లో వేయించుకున్న గర్భిణుల వివరాలు వచ్చాక, జబ్బు గర్భిణులకు ఎంత ప్రమాదమో తెలిశాక మాట మార్చారు. కొత్త సంగతి తెలిసినా పాత మాటే పట్టుకు వేలాడే డాక్టరు మీకు కావాలా?

“మా అమ్మమ్మకు ఏ సూదులు వేశారు? ఆవిడ ఎనభై ఏళ్ళు బతకలేదూ?” బతికింది. మరి ఆవిడ ఎంతమందిని కన్నది, ఎంతమందిని నిలుపుకున్నదీ అడిగి చూడండి. “ఎనిమిది కాన్పులు, ఐదుగురు దక్కారు” అనే మాట ఆ తరం ఇళ్ళలో మామూలుగా వినిపించేది. బతికినవాళ్ళే మనకు కథ చెబుతారు, పోయిన ముగ్గురూ వచ్చి చెప్పరు. దేశంలో 1971లో వెయ్యిమంది పుడితే ఏడాది లోపే 129 మంది చనిపోయేవాళ్ళు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. ఇదంతా టీకాల చలవే అంటే అబద్ధమవుతుంది. తిండి, మంచినీళ్ళు, ఆస్పత్రి కాన్పులు అన్నిటికీ వాటా ఉంది. కాని మశూచి 1975 తర్వాత మన దేశంలో ఎవరికీ రాలేదన్నా, 2011 జనవరి తర్వాత పోలియో వైరస్ సహజంగా సోకి కాళ్ళు పడిపోయిన బిడ్డ ఇక్కడ ఒక్కరూ లేరన్నా, దానికి మంచినీళ్ళు, మంచి తిండి మాత్రమే చాలవు.

“టీకా వేశాక పిల్లలు చనిపోయారని వార్తల్లో చూశాం కదా?” అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇది, దీన్ని దాటవేయకూడదు. 2019 మార్చిలో హైదరాబాద్‌లో టీకాలు వేయించుకున్న పసిపిల్లలు పదుల సంఖ్యలో ఆస్పత్రి పాలయ్యారు, ప్రాణాలూ పోయాయి. టీకా తర్వాత జ్వరానికి ఇవ్వాల్సిన పారాసిటమాల్ బదులు, ట్రమడాల్ అనే గట్టి నొప్పిమందు మాత్రలు చేతికిచ్చారని బయటపడింది. టీకాలో దోషం లేదు, మాత్ర ఇచ్చిన చేతిలో ఉంది. కన్నవాళ్ళకు ఆ తేడా ఏ ఓదార్పూ ఇవ్వదు. కాని మిగతా తల్లులు ఏ పాఠం నేర్చుకోవాలన్న దగ్గర ఆ తేడానే కీలకం. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా అనే చిన్న దేశంలో ఇలాంటిదే జరిగింది. 2018 జులైలో అక్కడ తట్టు టీకా పొడిని నీళ్ళకు బదులు మత్తుకు వాడే మందుతో కలిపి ఇవ్వడం వల్ల ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. ప్రభుత్వం నెలల తరబడి ఆ టీకాను ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టినా తల్లులు రావడానికి జంకారు. 2019 చివర్లో తట్టు వచ్చి పడింది. రెండు లక్షల జనాభాలో 5,700 మందికి పైగా జబ్బుపడ్డారు. 83 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది ఐదేళ్ళ లోపు పిల్లలు. మనిషి చేసిన పొరపాటు రెండు ప్రాణాలు తీస్తే, ఆ పొరపాటు పుట్టించిన భయం దానికి నలభై రెట్లు తీసింది. అందుకే మీ భయాన్ని వదిలేయమని చెప్పడం లేదు. దాన్ని సరైన చోట ఖర్చు పెట్టమంటున్నాను. సీసా చూడండి, మాత్ర పేరు చదవండి, మోతాదు అడగండి. ఎలాగో ఇప్పుడు చూద్దాం.

ఇక తట్టు టీకా వల్ల ఆటిజం వస్తుందన్న మాట. 1998లో ఒక బ్రిటిష్ డాక్టరు రాసిన వ్యాసం నుంచి అది పుట్టింది. అందులో అవకతవకలు బయటపడి, 2010లో దాన్ని అచ్చువేసిన పత్రికే వెనక్కి తీసుకుంది, ఆయన వైద్య రిజిస్ట్రేషన్ కూడా పోయింది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. టీకా వేసిన పిల్లల్లో, వేయని పిల్లల్లో ఆటిజం తేడా ఏమీ లేదు. ఆటిజం లక్షణాలు తల్లిదండ్రుల కంట్లో పడేది ఏడాది, ఏడాదిన్నర వయసులో. టీకా పడేదీ ఆ రోజుల్లోనే. రెండూ పక్కపక్కన వచ్చాయి కాబట్టి ఒకటి రెండోదానికి కారణమనిపిస్తుంది, అంతే.

ఇప్పుడు చేయాల్సినవి

1. నెల తప్పగానే మొదలుపెట్టండి. గర్భిణిగా పేరు నమోదు చేయించుకున్న రోజే మొదటి టీడీ సూది అడగండి. రెండోది నాలుగు వారాల తర్వాత. మూడేళ్ళ లోపే మళ్ళీ గర్భం వస్తే, అంతకుముందు రెండూ పడి ఉంటే, ఒక్క బూస్టరు చాలు. “ఐదో నెల వస్తే వేయించుకుంటాలే” అనేది అందరూ చేసే పొరపాటు. కాన్పుకు వెళ్ళేటప్పుడు పక్కనుండే మనిషికి ఒక మాట చెప్పి ఉంచండి: పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు హెపటైటిస్ బి సూది, దాంతోపాటు బీసీజీ, పోలియో చుక్కలు పడాలని. అంత తొందర ఎందుకంటారా? తల్లి నుంచి ఆ కామెర్ల వైరస్ పుట్టుకలోనే సోకితే, పదిమందిలో తొమ్మిదిమంది పిల్లల ఒంట్లో అది శాశ్వతంగా ఉండిపోతుంది. తెల్లారాక ఇద్దాం, ఇంటికెళ్ళేరోజు ఇద్దాం అంటే ఆ గడియ దాటిపోతుంది.

2. పుట్టింటికి కార్డుతో సహా వెళ్ళండి. తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి వెళ్ళడం, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక అత్తవారింటికి రావడం మన ఆచారం. టీకాలు జారిపోయేదీ సరిగ్గా ఈ ప్రయాణాల్లోనే. అత్తవారి ఊళ్ళో ఏఎన్ఎం “పుట్టింటికి వెళ్ళింది” అని రాసుకుంటుంది, పుట్టింటి ఊళ్ళో ఏఎన్ఎం జాబితాలో మీ పేరే ఉండదు. ఇద్దరూ ఎవరి పని వాళ్ళు చేస్తున్నారు, మీ బిడ్డ మాత్రం ఇద్దరి లెక్కలోనూ లేదు. బయల్దేరే ముందు ఇక్కడి ఆశాకు చెప్పండి, దిగిన వారంలో అక్కడి ఆశాను పిలిపించి పేరు రాయించండి. ప్రభుత్వ టీకాల పోర్టల్ యూ-విన్‌లో నమోదై ఉంటే ఏ ఊళ్ళో వేయించుకున్నా వివరం ఎక్కుతుంది. అయినా మాతాశిశు సంరక్షణ కార్డు చేతిలో ఉండాలి. దాన్ని బీరువాలో దాచకండి, బిడ్డ బట్టల సంచిలో పెట్టండి. ప్రతి పేజీకీ ఫోన్లో ఫోటో తీసి భర్తకు, అమ్మకు పంపి ఉంచండి.

3. భయాన్ని ప్రశ్నగా మార్చి రాసుకోండి. “ఏమవుతుందో ఏమో” అనే మాటకు ఎవరూ జవాబు చెప్పలేరు. “పోయినసారి రెండు రోజులు జ్వరమొచ్చింది, ఈసారి వేయొచ్చా?” అంటే చెప్పగలరు. “ఒక్కరోజే మూడు సూదులు తట్టుకుంటాడా?” అంటే దానికీ జవాబుంది. బిడ్డ పుట్టిన క్షణం నుంచి పాలతో, గాలితో, ముద్దులతో లెక్కలేనన్ని క్రిములు ఒంట్లోకి పోతూనే ఉంటాయి. ఈ మూడింటి భారం అందులో ఎంత? విడదీసి వేయిస్తే ఏడుపు మూడు రోజులకు పెరుగుతుంది, రక్షణ ఆలస్యమవుతుంది. ఇలాంటి ప్రశ్నలు మూడు కాగితం మీద రాసుకెళ్ళి ఏఎన్ఎంనో, పీహెచ్‌సీ డాక్టరునో అడగండి. వాట్సాప్ గ్రూపులో అడిగితే జవాబులు ఇరవై వస్తాయి. అందులో ఏ ఒక్కదానికీ రేపు ఎవరూ బాధ్యత వహించరు.

4. పెద్దవాళ్ళతో సూది రోజు పొద్దున మాట్లాడకండి, వారం ముందే మాట్లాడండి. గుమ్మం దాటుతుంటే వచ్చిన అభ్యంతరానికి జవాబు చెప్పేలోపు గొంతులు పెరుగుతాయి. ఒక ఇంట్లో మాట ఇలా సాగిందనుకోండి. “పసిగుడ్డును ఎండనపడి ఎక్కడికి తీసుకెళ్తావమ్మా, మూడో నెల రానీ” అంటుంది అత్తగారు. “మీ భయం నాకూ ఉందత్తయ్యా. అందుకే పొద్దున్నే ఎండ ముదరకముందు వెళ్ళొద్దాం, మీరూ రండి, మీకున్న అనుమానాలు నర్సమ్మనే అడుగుదురుగాని” అంటుంది కోడలు. ఇక్కడ కోడలు వాదించలేదు, అత్తగారి జాగ్రత్తకు ఒక పని అప్పగించింది. మీ వారి సంగతేమిటి? “నీ ఇష్టం” అని తప్పుకునే భర్త మద్దతు ఇస్తున్నట్టే కనిపిస్తాడు, రాత్రి జ్వరమొస్తే నింద మాత్రం మీ ఒక్కరిదే అవుతుంది. ఆయన్నీ వెంట తీసుకెళ్ళండి.

5. జలుబును సాకు కానివ్వకండి. ముక్కు కారడం, చిన్న దగ్గు, కొద్దిపాటి వేడి, రెండు విరేచనాలు, తక్కువ బరువు, ఇవేవీ టీకా ఆపడానికి కారణాలు కావు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కూడా పుట్టిన తేదీ నుంచే లెక్క. బిడ్డ ఒంట్లో గట్టిగా బాగోకపోయినా, గతంలో టీకా తర్వాత ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడకపోయినా, ఫిట్స్ వచ్చినా ఆ మాట ముందే డాక్టరుకు చెప్పాలి. వేయాలో వద్దో తేల్చాల్సింది ఆయనే. సందేహంగా ఉంటే ఇంట్లో కూర్చుని తేల్చకండి, కేంద్రానికి వెళ్ళి తేల్చుకోండి.

6. సీసా చూపించమని అడగండి. టీకా సీసాల లేబుల్ మీదో మూత మీదో రూపాయి కాసుకన్నా చిన్న రంగు వలయం, దాని మధ్యలో చిన్న చతురస్రం ఉంటాయి. మందు వేడి తగిలేకొద్దీ లోపలి చతురస్రం ముదురుతుంది. అది చుట్టూ ఉన్న వలయంకన్నా లేతగా ఉంటే మందు వాడొచ్చు. వలయంతో సమానంగా ముదిరినా, మించినా ఆ సీసా పనికిరాదు. బీసీజీ, తట్టు-రుబెల్లా టీకాల్ని పొడిలో ద్రవం కలిపి తయారుచేస్తారు. కలిపాక నాలుగు గంటలు దాటితే వాడకూడదు, అందుకే కలిపిన సమయం సీసామీద రాస్తారు. “అక్కా, ఒకసారి చూపిస్తారా” అని అడగడం తప్పు కాదు. మంచి ఏఎన్ఎం దానికి నొచ్చుకోదు, సంతోషంగా చూపిస్తుంది.

7. అరగంట ఆగండి, నాలుగు మాటలు చెప్పించుకోండి. సూది పడగానే సంచి సర్దుకుని బయల్దేరడం మరో మామూలు పొరపాటు. ప్రమాదకరమైన అలర్జీ చాలా అరుదు, పదిలక్షల డోసులకు ఒకటీ అరా. అది వచ్చేది ఎక్కువగా మొదటి కొన్ని నిమిషాల్లోనే, దానికి మందు ఆ కేంద్రంలోనే ఉంటుంది. ఆ అరగంటలో బిడ్డకు పాలు పట్టండి, నొప్పి మరుస్తుంది. ఇవాళ ఏ టీకా వేశారు, దేన్నుంచి కాపాడుతుంది? ఏ ఇబ్బంది రావచ్చు, వస్తే ఏం చేయాలి? మళ్ళీ ఎప్పుడు రావాలి? కార్డు ఎలా జాగ్రత్త పెట్టుకోవాలి? ఈ నాలుగూ చెప్పడం ఏఎన్ఎం విధిలో భాగం. రద్దీలో మరిచిపోతే మీరే అడగండి.

8. జ్వరం మందు పేరు, బలం, మోతాదు మూడూ చూడండి. పారాసిటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఐదు కిలోల బిడ్డకు 50 నుంచి 75. పసిపిల్లల డ్రాప్స్‌లో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటాయి, మామూలు సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125. అంటే డ్రాప్స్ సిరప్‌కన్నా నాలుగు రెట్లు చిక్కన. పక్కింటావిడ “మా వాడికి రెండున్నర ఎంఎల్ పోశాం” అన్నది సిరప్ లెక్క. అదే రెండున్నర ఎంఎల్ డ్రాప్స్ పోస్తే 250 మిల్లీగ్రాములు, మీ ఐదు కిలోల బిడ్డకు మూడు రెట్లకు పైగా ఎక్కువ. కాబట్టి బిడ్డను తూయించి, ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు అన్నది కార్డు మీదే రాయించుకోండి. మాత్ర ఇస్తే దాని అట్టమీద పేరు చదవండి, చదవడం రాకపోతే చదివించండి. 2019 నాటి ఆ హైదరాబాద్ విషాదం మనకు నేర్పిన పాఠం ఇదే.

9. ఏది మామూలో, ఏది కాదో ముందే తెలుసుకోండి. తొడ కాస్త వాచడం, ఎర్రబడటం, ఒకటి రెండు రోజులు జ్వరం, చిరాకు, ఇవి మామూలు. జ్వరం రాకపోతే టీకా పనిచేయలేదనీ అనుకోకండి. బీసీజీ వేసిన ఎడమ జబ్బ మీద కొన్ని వారాలకు చిన్న పొక్కు లేస్తుంది, చీము పడుతుంది, పుండై మానుతుంది, చివరికి మచ్చ మిగులుతుంది. చీము చూసి కంగారుపడి పసుపు, నూనె, పౌడరు, ఆయింటుమెంటు పూయొద్దు, నొక్కొద్దు, దానంతటదే మానుతుంది. మూడు గంటలకు పైగా ఆగకుండా ఏడవడం, ఫిట్స్, ఒళ్ళు వాలిపోవడం, పాలు తాగకపోవడం, ఊపిరి ఎగబీల్చడం, రెండు రోజులు దాటినా తగ్గని గట్టి జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఫోన్లో సలహాలు అడుగుతూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. వెళ్ళినప్పుడు కార్డు చూపించి ఏ తేదీన ఏ టీకా వేశారో చెప్పాలి.

10. తప్పిపోయిందా? సిగ్గుపడకుండా వెళ్ళండి. వాయిదా ఇంకో వాయిదాకు దారితీయడానికి అసలు కారణం చాలాసార్లు భయం కూడా కాదు, “ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా” అని నలుగురిలో అంటారేమోనన్న బెరుకు. ఆ మాట పడటం కష్టమే. కాని వైద్యం దృష్టిలో మీ ఆలస్యానికి శిక్ష లేదు. మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టక్కర్లేదు, ఎక్కడ ఆగారో అక్కడినుంచే కొనసాగిస్తారు. బీసీజీ ఏడాది లోపు ఎప్పుడైనా వేస్తారు. తల్లినుంచి వచ్చిన తట్టు రక్షణ తొమ్మిదో నెలకు కరిగిపోతుంది కాబట్టి ఆ నెల సూది మాత్రం ఇక జరపకండి. “ఆలస్యమైంది, తెలుసండీ. ఇప్పుడు ఏవి వేయొచ్చో చెప్పండి” అని మీరే ముందు అనేస్తే అవతలివాళ్ళకు మందలించడానికి ఇంకేం మిగలదు.

“చుట్టుపక్కల పిల్లలందరికీ వేశారుగా, మావాడొక్కడికి పడకపోతే ఏం?” అనే ఆలోచన ఇంకా మనసులో ఎక్కడో ఉంటే, చివరగా దానికీ సమాధానం చెప్పుకుందాం. ధనుర్వాతం ఒకరినుంచి ఒకరికి అంటేది కాదు, మట్టినుంచి వచ్చేది. ఊరంతా వేయించుకున్నా మీ బిడ్డకు పిసరంత రక్షణ కూడా రాదు. తట్టు అయితే ఒక్కరినుంచి రక్షణ లేని పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి పాకుతుంది. దాన్ని ఆపాలంటే నూటికి తొంభై ఐదుమందికి టీకా పడాలి. పోయిందనుకున్న కంఠసర్పి హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఈ శతాబ్దంలోనూ వస్తూనే ఉంది. ప్రతి ఇల్లూ “మావాడొక్కడే కదా” అనుకుంటే ఆ ఒక్కళ్ళందరూ కలిసి ఎంతమంది అవుతారు?

ఈ అధ్యాయం మూసేముందు ఒక్క పని చేయండి. సంచిలోంచి కార్డు తీసి తర్వాతి తేదీ చూడండి. వంటింటి గోడకు పాల లెక్క, గ్యాసు బుక్ చేసిన రోజు, ఏకాదశి, అమావాస్య అన్నీ మోస్తున్న క్యాలెండరు ఒకటి వేలాడుతూ ఉంటుందిగా. అందులో ఆ తేదీ నుంచి వచ్చే రెండు బుధవారాలకు, రెండు శనివారాలకు చుట్టూ గీత గీయండి. ఒకటి తప్పితే రెండోది ఏదో ఇప్పుడే తేలిపోయింది. “వచ్చే వారం” అనే మాటకు ఇక తేదీ ఉంది.